శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టు: ధర ఎవరికి ముందు తెలిసింది?



మన సరిహద్దు సీమలో పుట్టి పెరిగినవారికి పశువుల సంత గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. ఇద్దరు పెద్దమనుషులు ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తువ్వాలు కప్పుకొని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకొని బేరం చేస్తారు. నోట మాట రాదు. చుట్టూ వందమంది ఉన్నా ఆ ఎద్దుల జత ఎంతకు తెగిందో ఆ ఇద్దరికీ, మధ్యనున్న దళారికీ తప్ప నాలుగోవాడికి అంతుబట్టదు. చిన్నప్పుడు మా నాయన వెంట సంతకు వెళ్ళినప్పుడల్లా ఆ తువ్వాలు ఎత్తి చూడాలని నాకు మహా కోరికగా ఉండేది. ఒకసారి ఎత్తబోయి చెంపదెబ్బ కూడా తిన్నాను.

ధరను దాచిపెట్టడం వ్యాపారంలో చాలా పాత విద్య. ఈనాడు చిన్న చిన్న వ్యాపారులు ఫోనులోనే సరుకు చూపించి, ఫోనులోనే బేరమాడి, ఫోనులోనే డబ్బు తీసుకుంటున్నారు. ఇదంతా నిన్న మొన్న ఆకాశం నుంచి ఊడిపడినట్టు కొందరు మాట్లాడుతారు. నాకు అలా అనిపించదు. తువ్వాలు కింద దాగిన ధర నలుగురి ముందుకూ రావడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. ఆ కథ పెద్ద పట్నాల్లో కంటే మన శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టులో బాగా కనిపిస్తుంది. అందుకే ఈనాటి ప్రసంగాన్ని అక్కడి నుంచి మొదలుపెడతాను.

అన్నట్టు, మన పక్కనే ఉన్న చిక్కబళ్ళాపురానికి ఒకప్పుడు పట్టు వల్ల కాక చక్కెర వల్ల పేరు. 1800–1801లో మైసూరు సీమంతా తిరిగి చూసిన ఫ్రాన్సిస్ బుకానన్ ఆ చక్కెర తెల్లదనాన్ని మెచ్చుకున్నాడు. దాన్ని చేసే పద్ధతిని మాత్రం తెలిసినవాళ్ళు తమ ఇంటి గడప దాటనివ్వలేదట. సరుకు గొప్పదే, కానీ రహస్యం ఆ ఇంటితోనే ఉండిపోయింది. ఇవాళ చిక్కబళ్ళాపురం వెళ్ళి ఆ చక్కెర ఏదని అడిగితే చూపించేవారు లేరు.

పట్టు సంగతి అలా కాలేదు. అది మొదటి నుంచీ పదిమంది చేతుల మీదుగా నడిచిన పని. టిప్పు సుల్తాను తన రాజ్యంలో పట్టుపురుగుల పెంపకం నాటాలని పూనుకొని, పురుగుల కోసం బెంగాలుకు మనుషులను పంపాడు. 1786లో ఆయన శ్రీరంగపట్టణం కిల్లేదారుకు రాసిన ఉత్తరం ఒకటి ఉంది. బహావుద్దీన్, కస్తూరి రంగ అనే ఇద్దరు పట్టుపురుగులతో సిద్ధవటం మీదుగా తిరిగి వస్తున్నారనీ, వాటిని పెంచడానికి ఎటువంటి చోటు కావాలో వాళ్ళనే అడిగి ఏర్పాటు చేయమనీ అందులో ఉంది. కర్క్‌పాట్రిక్ అనే ఆంగ్లేయుడు ఈ ఉత్తరాలను అనువదించి 1811లో అచ్చువేయించాడు. సిద్ధవటం అంటే మన కడప సీమలో పెన్న ఒడ్డున ఉన్న కోట. మైసూరు పట్టు అని లోకమంతా పిలిచే పట్టు పురుగు దశలో తెలుగు నేల మీదుగా నడిచి వచ్చిందన్నమాట. ఒక ముస్లిం, ఒక హిందువు కలిసి ఆ బుట్టలను మోయించుకు వచ్చారు. ఈ సంగతి మా పిల్లలకు చెప్పినప్పుడల్లా వెనక బెంచీలో ఉన్న రీలర్ల పిల్లలు, ముందు బెంచీలో ఉన్న రైతుల పిల్లలు ఒకరినొకరు చూసుకుంటారు. బెంగాలు నుంచి మనకు ఇంకొక చుట్టం కూడా వచ్చింది. 1980లో అక్కడి గూళ్ళ వెంట వచ్చిన ఊజి ఈగ. దాన్ని ఎవరూ పిలవలేదు, ఇంతవరకూ వెళ్ళనూ లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పట్టుగూడు అన్ని సరుకుల వంటిది కాదు. రాగులు, శనక్కాయలు ధర లేదంటే ఇంట్లో పోసుకోవచ్చు. పురుగు నాలుగు జ్వరాలు లేచి, ఆకు మేసి, చంద్రికలో గూడు కట్టడానికి ఇంచుమించు నెల రోజులు. కట్టిన ఐదారు రోజులకు గూడు విడిపించి తెస్తారు. ఇంకో ఐదారు రోజులు ఆలస్యమైతే లోపలి పురుగు సీతాకోకగా మారి గూటికి రంధ్రం చేసుకొని బయటికి వస్తుంది. రంధ్రం పడిన గూటి నుంచి అఖండమైన దారం రాదు. అంటే రైతు చేతిలో ఉన్నది కొద్ది రోజుల గడువు మాత్రమే. అందులో తీయడానికి, ఆరబోయడానికి, బస్సు ఎక్కించడానికి పోగా బేరానికి మిగిలేది ఒక్క పూట. ఈ సంగతి కొనేవాడికి బాగా తెలుసు.

పాత రోజుల్లో దళారులు ఊళ్ళ మీదికి వచ్చి గూళ్ళు కొనేవారు. ముందే అప్పు ఇచ్చినవాడికే గూళ్ళు పోయాలి. తూకం వాడిదే, ధర కూడా వాడు చెప్పిందే. పక్క ఊళ్ళో ఎంత పలికిందో కనుక్కోవాలంటే పక్క ఊరికి నడిచి వెళ్ళాలి. వెళ్ళి వచ్చేసరికి ఒక పూట పోతుంది. పురుగు మాత్రం లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

ఈ పద్ధతిని మార్చడానికి అప్పటి మైసూరు రాష్ట్రం 1959లో ఒక చట్టం చేసింది. గుడ్ల తయారీ, గూళ్ళ అమ్మకం ప్రభుత్వ అదుపులోకి వచ్చాయి. రైతు గూళ్ళను ప్రభుత్వ మార్కెట్టుకే తేవాలి, లైసెన్సు ఉన్న రీలరే కొనాలి, బహిరంగంగా పాట పాడి కొనాలి. తువ్వాలు ఎత్తిపారేసిన చట్టం అని దీన్ని నేను పిల్లలకు చెబుతుంటాను. తరువాత 1979లో కర్ణాటక సిల్క్ మార్కెటింగ్ బోర్డు వచ్చింది. ధర పడిపోయినప్పుడు దారం కొని నిలబెట్టడం దాని పని. రామనగరం తరువాత చెప్పుకోదగిన గూళ్ళ మార్కెట్టుగా శిడ్లఘట్ట ఎదిగింది ఈ చట్టం నీడలోనే. కోలారు జిల్లా నుంచి విడదీసి 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా చేసినప్పుడు శిడ్లఘట్ట కొత్త జిల్లాలోకి వచ్చింది. ఎల్లలు ఎటు మారినా గూళ్ళ మూటలు మాత్రం బాగేపల్లి, చింతామణి నుంచీ, ఎల్ల అవతల ఆంధ్ర నుంచీ వస్తూనే ఉన్నాయి.

ఆ పాట చూసినవారికి తెలుసు. తెల్లవారేసరికి మూటలు దిగుతాయి. ఒక్కొక్క రైతు సరుకుకు ఒక్కొక్క లాటు నంబరు. గూళ్ళు పరచగానే రీలర్లు వచ్చి గుప్పెడు తీసి చూస్తారు. ఒక గూటిని చెవి దగ్గర పెట్టుకొని ఊపుతారు. లోపలి పురుగు గట్టిపడి లొటలొట మని చప్పుడు చేస్తే గూడు పక్వానికి వచ్చినట్టు. ఇంకొకదాన్ని వేళ్ళతో నొక్కుతారు. మచ్చ గూళ్ళు, జోడు గూళ్ళు ఎన్ని ఉన్నాయో ఏరి చూస్తారు. తరువాత పాట. ఒకడు ఒక ధర అంటాడు, ఇంకొకడు రెండు రూపాయలు పెంచుతాడు. రైతు మొగాన చెమట. "ఏం సాబూ, నిన్న ఇదే గూటికి ఇరవై ఎక్కువ పలికిందంట గదా?" అని రైతు అంటే, "నిన్నటి మాట నిన్నటికేనప్పా, దారం ధర దిగింది" అని జవాబు వస్తుంది. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో వినిపించే చోటు మన ప్రాంతంలో గూళ్ళ మార్కెట్టును మించింది లేదు.

అయితే బహిరంగంగా పాడినంత మాత్రాన అన్నీ బాగుపడ్డాయని చెప్పలేను. శిడ్లఘట్టలో ఏమి పలుకుతోందో శిడ్లఘట్టలో నిలబడినవాడికే తెలుసు. అదే పొద్దున రామనగరంలో ఎంతో, హిందూపురంలో ఎంతో తెలియాలంటే దారి లేదు. రీలర్లకు వాళ్ళ వాళ్ళు చెప్పుకునే ఏర్పాటు ఉండేది. రైతుకు రేడియోలో వచ్చే బజారు ధరలే దిక్కు, అవీ జరిగిపోయిన పాట ధరలు. 1984లో సీ-డాట్ సంస్థ పెట్టిన తరువాత మన వాతావరణానికి తట్టుకునే పల్లె టెలిఫోను ఎక్స్‌చేంజీలు తయారయ్యాయి. వాటిలో మొదటిది 1986లో మన కర్ణాటకలోని కిత్తూరులోనే పెట్టారు. ఆ తరువాత వీధి వీధికీ పసుపు పచ్చ ఎస్‌.టి.డి. బూతులు వెలిశాయి. గూళ్ళ మూట బస్సు మీదికి ఎక్కించే ముందు ఫోను చేసి ధర కనుక్కోవడం అక్కడ మొదలైంది. నా లెక్కలో చిన్న వ్యాపారానికి సమాచార యుగం కంప్యూటరుతో మొదలు కాలేదు, ఆ బూతులో నిమిషాలు లెక్కపెట్టే ఎర్రంకెలతో మొదలైంది.

ఇక్కడ ఒక కేరళ కథ చెప్పాలి. చేప కూడా గూడు వంటిదే, ఆగదు. 1997 జనవరి 14వ తేదీ ఉదయం ఉత్తర కేరళలోని వడగర తీరంలో పదకొండు మంది జాలర్లు కొనేవాళ్ళు లేక పట్టిన చేపలను పారబోయడానికి సిద్ధమయ్యారు. అదే ఉదయం, పదిహేను కిలోమీటర్ల లోపలే, ఇరవై ఏడు మంది కొనుగోలుదారులు చేప దొరక్క వట్టి చేతులతో తిరుగుముఖం పట్టారు. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఇది రాసిపెట్టుకున్నాడు. ఆ ఏడాది నుంచి 2001 వరకూ తీరం వెంబడి మొబైల్ ఫోను స్తంభాలు ఒక్కొక్కటిగా లేచాయి. జాలర్లు నడి సముద్రం నుంచే ఫోను చేసి ఏ రేవుకు పోవాలో కనుక్కోసాగారు. అంతకు ముందు నూటికి ఐదు నుంచి ఎనిమిది పాళ్ళు చేప పారబోత పాలయ్యేది. అది దాదాపు ఆగిపోయింది. జాలరి లాభం నూటికి ఎనిమిది పెరిగింది, తినేవాడికి ధర నూటికి నాలుగు తగ్గింది. ఇద్దరూ బాగుపడ్డ బేరం లోకంలో అరుదు. జెన్సన్ ఈ వివరాలను 2007లో ప్రకటించాడు.

మన మార్కెట్టుల్లో ఈ మార్పు గత దశాబ్ద కాలంలో వచ్చింది. పాట స్థానంలో ఎలక్ట్రానిక్ వేలం వచ్చింది. రీలరు గూళ్ళు చూసుకొని, లాటు నంబరు నొక్కి, తన ధర ఫోనులోనే వేస్తాడు. పక్కవాడు ఎంత వేశాడో పక్కవాడికి తెలియదు. అన్నిటికంటే ఎక్కువ ధర తెర మీద వస్తుంది. రైతుకు ఇష్టమైతే ఒప్పుకుంటాడు, లేకపోతే కాదంటాడు. పూర్వం పాటలో పెద్ద రీలరు ఒకడు గొంతెత్తితే చిన్నవాళ్ళు మర్యాదకో భయానికో ఊరుకునేవారు. ఫోనుకు ఆ మొగమాటం లేదు. విచిత్రం చూడండి, తువ్వాలు మళ్ళీ వచ్చింది! కాకపోతే ఈసారి అది కొనేవాళ్ళను ఒకరి నుంచి ఒకరిని మరుగుపరుస్తుంది, అమ్మేవాడిని కాదు.

2016లో దేశంలో యు.పి.ఐ. మొదలైంది, అదే ఏడు ఇంటర్నెట్టు ఖర్చు బాగా పడిపోయింది, అదే ఏడు నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఈ మూడూ కలిసి ఫోనును జేబులో సంచిగా మార్చాయి. ఇవాళ మా ఊరి రైతు పొద్దున్నే లేచి వాట్సాప్ తెరిచి రామనగరం, శిడ్లఘట్ట, హిందూపురం ధరలు మూడూ చూసుకొని గానీ కాఫీ తాగడు. ఆ గుంపుల్లో గూటి ఫొటోలు, ఆకు తెగుళ్ళ ఫొటోలు, మధ్యలో సుప్రభాతం బొమ్మలూ ఉంటాయి. ఆ బొమ్మలు కొంచెం తగ్గిస్తే బాగుండునని నా మనవి.

అయితే ధర తెలియడం వేరు, ధర రావడం వేరు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. తెర మీద వచ్చిన ధరను రైతు కాదనవచ్చు, నిజమే. కాదని ఎక్కడికి పోతాడు? రేపటికి ఆగితే గూడు బరువు తగ్గుతుంది, ఎల్లుండికి రంధ్రం పడుతుంది. వేడిగాలి యంత్రంలో ఆరబెట్టిన గూడు నెలల తరబడి నిలువ ఉంటుంది. పచ్చి గూడు కిలో ఆరితే ఇంచుమించు నాలుగు వందల గ్రాములు అవుతుంది. కానీ ఆ యంత్రం రీలరు వైపు ఉంటుంది, రైతు వైపు ఉండదు. ఊరికొక ఆరబెట్టే కొట్టం ఉంటే ఫోనులో కనిపించే ధరకు విలువ వస్తుంది. ఈ మాట నేను చాలా సభల్లో అన్నాను. చప్పట్లు కొట్టారు, కొట్టం మాత్రం కట్టలేదు.

రీలరును మాత్రం దుర్మార్గుడిగా చూపించడం నాకు ఇష్టం లేదు. మన శిడ్లఘట్టలో చరకా మీదా, కాటేజ్ బేసిన్ మీదా దారం తీసే చిన్న రీలర్లే ఎక్కువ. ఉడుకు నీళ్ళలో చేతులు పెట్టి బతికేవాళ్ళు. ఆరేడు కిలోల గూళ్ళు పెడితే గానీ కిలో దారం రాదు. గూడు కొనేటప్పుడు డబ్బు ఈరోజే కట్టాలి, దారం అమ్మిన డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆ దారం ధర శిడ్లఘట్టలో తేలదు, ధర్మవరంలోనూ తేలదు. చైనా దారం తక్కువ ధరకు వచ్చి పడడంతో 2003లో దాని మీద యాంటీ డంపింగ్ సుంకం వేయవలసి వచ్చింది. 2011 బడ్జెట్టులో ముడి పట్టు దిగుమతి సుంకాన్ని నూటికి ముప్పై నుంచి ఐదుకు దించితే ఇక్కడ గూటి ధర కుప్పకూలింది, రైతులు రోడ్డెక్కారు. 2013లో దాన్ని పదిహేనుకు పెంచారు. ఢిల్లీలో ఒక అంకె మారితే శిడ్లఘట్ట సందులో చరకా ఆగిపోవడం నేను చూశాను.

చరకా ఆగితే మా బడిలో తెలుస్తుంది. దారం మీద మిగులు తగ్గినప్పుడు కూలి మనిషిని పెట్టుకునే స్తోమత పోతుంది, అప్పుడు చరకా తిప్పడానికి ఇంటి పిల్లో, అప్పు తీసుకున్నవాళ్ళ పిల్లో వస్తుంది. 1976లో వెట్టి చాకిరీని, 1986లో ప్రమాదకరమైన పనుల్లో బాలకార్మికులను నిషేధిస్తూ చట్టాలు వచ్చాయి. అయినా 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ మన దేశపు పట్టు పరిశ్రమలో వెట్టి బాలల గురించి ఒక పెద్ద నివేదిక వెలువరించవలసి వచ్చింది, అందులో కర్ణాటక కూడా ఉంది. ఆ రోజుల్లో నా హాజరు పట్టీలో ఎర్ర సిరా ఎక్కువగా ఉండేది. వేళ్ళ మీద తోలు లేచిపోయిన పిల్లను పలక పట్టుకోమని ఎలా అంటాం? ఇప్పుడు ఆ పరిస్థితి చాలా తగ్గింది. యంత్రాలు వచ్చాయి, బళ్ళో అన్నం వచ్చింది, తల్లుల పట్టుదల కూడా పెరిగింది.

ఆ పిల్లల్లో ఒకామె ఇప్పుడు పెద్దదై, పెళ్ళయి, ఇంట్లోనే చిన్న చీరల వ్యాపారం చేస్తోంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పెళ్ళిళ్ళు ఆగి, దుకాణాలు మూతపడి, దారం కొనేవాడు లేకపోయినప్పుడు ఆ దంపతులు ఇంట్లో మిగిలిన దారంతో, తెలిసిన మగ్గం వాళ్ళ చేత పదమూడు చీరలు నేయించారు. ఆమె వాటిని మేడ మీద దండెం మీద ఆరేసి, ఎండ పడేటట్టు ఫొటోలు తీసి, తెలిసినవారికి వాట్సాప్‌లో పంపింది. రెండు నెలల్లో అన్నీ అమ్ముడుపోయాయి. అందులో ఒకటి నేను కొన్నాను, మా ఇంటావిడ దాన్ని ఇంకా పెట్టెలోనే దాచింది.

తరువాత ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రామ్ కూడా నేర్చుకుంది. అక్కడ ఆమెకు రెండు కష్టాలు ఎదురయ్యాయి. మొదటిది, తెర మీద పట్టూ పాలియెస్టరూ ఒకేలా మెరుస్తాయి. పట్టు పోగును కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. నైలాన్ అయితే ముద్దకట్టి గట్టిగా మిగులుతుంది. ఈ పరీక్ష కొట్టులో చేసి చూపించవచ్చు, ఫోనులో వాసన పంపలేము గదా. దీనికి కేంద్ర పట్టు మండలి 2004లో ప్రవేశపెట్టిన సిల్క్ మార్క్ గుర్తు కొంత ఆధారం. ఆమె అధీకృత విక్రేత దగ్గర నుంచి ఆ గుర్తు ఉన్న సరుకే తెచ్చి, ఆ బిళ్ళను కూడా ఫొటోలో చూపిస్తుంది. అంతేకాక పోగు కాల్చే వీడియో ఒకటి తీసి పెట్టింది. దాన్ని చూసినవాళ్ళలో సగం మంది చీర అడగలేదు గానీ, తమ బీరువాల్లో చీరల అంచులు కాల్చుకొని చూసుకున్నారట!

రెండో కష్టం డబ్బుది. ఎవరో ఒకాయన రెండు చీరలు ఎంచుకొని, డబ్బు పంపినట్టు ఫోను తెర బొమ్మ ఒకటి పంపాడు. ఈమె బొమ్మ చూసి సరుకు పంపింది. బ్యాంకు ఖాతాలో మాత్రం ఏమీ పడలేదు. ఆ నంబరు మళ్ళీ పలకలేదు. ఆమె ఆ రాత్రి మా ఇంటికి వచ్చి, "సార్, మీరు లెక్కలు నేర్పారు గానీ ఇది నేర్పలేదే" అంది. ఇద్దరం కూర్చొని ఫిర్యాదు రాశాము. ఆన్‌లైను మోసాలకు 1930 అనే నంబరు ఉంది, మోసం జరిగిన వెంటనే దానికి ఫోను చేయాలి. ఆమె మూడు రోజులు ఆగి చేసింది, డబ్బు రాలేదు. ఇప్పుడు బ్యాంకు నుంచి సందేశం వచ్చి, ఖాతా తెరిచి నిలువ చూసుకున్నాకే మూట కడుతుంది. శ్రోతల్లో ఇటువంటి వ్యాపారం చేసేవారు ఉంటే ఈ ఒక్క అలవాటు మరవకండి.

కైవారం తాతయ్య గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగి అమ్మారని మన పెద్దలు చెబుతారు. గాజులు కొనే ఆడకూతురి చెయ్యి పట్టుకొని తొడిగితే గానీ ఆ బేరం పూర్తి కాదు. మా పాత విద్యార్థిని కూడా కొత్తవారు చీర అడిగితే వీడియోలో చీర మడతలన్నీ విప్పి, తిప్పి, అంచు వెనకవైపు పోగులు కూడా చూపిస్తుంది. ఒక్కొక్కరికి అరగంట పడుతుంది. "అంతసేపు ఎందుకమ్మా?" అని అడిగాను. "దూరంగా ఉన్నారు గదా సార్, చేత్తో పట్టుకున్నట్టు ఉండాలి" అంది.

మొన్న శనివారం బడి విడిచాక మార్కెట్టు వైపు వెళ్ళాను. బాగేపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన లాటు పక్కన కింద కూర్చొని ఉన్నాడు. ఆయన మనవడు ఫోను చూసి ధర చదివి చెప్పాడు. పెద్దాయన ఒక గూడు తీసుకొని చెవి దగ్గర ఊపుకొని, ఇంకొకసారి ఊపి, "ఇంకో పది రానీరా, ఈ గూటికి వస్తుంది" అన్నాడు. మనవడు కాదని నొక్కాడు. రెండో విడత వేలం మొదలవడానికి ఇంకా టైము ఉంది. తాతా మనవడూ టీ తాగడానికి బయటికి వెళ్ళారు, నన్ను లాటు చూస్తూ ఉండమన్నారు.